అప్‌డేట్: నాన్నకి రేడియేషన్ టైంలో యాంటీఆక్సిడెంట్ టాబ్లెట్లు వెయ్యొచ్చా అని అడిగాను కదా

కొత్తగా చూసేవాళ్ళకి, నాన్నకి గ్లయోబ్లాస్టోమా (మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ), ఆపరేషన్ అయింది, పిన్ని ప్రేమగా విటమిన్ ఈ, గ్లూటాథయోన్ డబ్బాలు తెచ్చిచ్చింది. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.

ఆ డబ్బాలు పట్టుకెళ్ళి డాక్టర్ గారికే చూపించాను. ఇప్పుడు వద్దమ్మా అన్నారు. రేడియేషన్ పనిచేసేదే చాలావరకు కణంలో ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువుల్ని పుట్టించి డీఎన్ఏని దెబ్బతీయడం వల్లంట, ట్యూమర్ కణాలకేమో సొంత కాపలా ఉంటుంది, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ వాటిలో సూపరాక్సైడ్ అనే రాడికల్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తే క్యాటలేజ్ అనే ఇంకో ఎంజైమ్ దాన్ని నీళ్ళు, ఆక్సిజన్‌గా విరగ్గొట్టేస్తుంది. యాంటీఆక్సిడెంట్లు కూడా ఆ రాడికల్స్‌నే అణిచేస్తాయి కదా, ఆ కాపలాకి మనమే బయట్నుంచి సాయం చెయ్యడం ఎందుకు అన్నారు. మరి ఆ ఎంజైమ్ టెస్ట్ చేయిద్దామా అనడిగితే, దాన్నిబట్టి ట్రీట్‌మెంట్ మార్చరు, ఐడీహెచ్, ఎంజీఎంటీ (గడ్డలోని జీన్ల టెస్టులు) రిపోర్టులే చూస్తాం అన్నారు. నాన్నకి ఎంజీఎంటీ మిథైలేటెడ్ అని వచ్చింది, అంటే టెమొజోలమైడ్ అనే కీమో మందు బాగా పనిచేసే ఛాన్స్ ఎక్కువ, ఆ మాట విన్నాక కారిడార్‌లో కూర్చుని ఏడ్చేశాను.

మొత్తం 30 సిట్టింగులు, 60 గ్రే (రేడియేషన్ డోసు కొలత), నిన్నటికి 11 అయ్యాయి. తల కదలకుండా పెట్టే మాస్క్ తీశాక నుదుటి మీద జల్లెడ అచ్చులా గళ్ళు పడుతున్నాయి, ఇంటికొచ్చేసరికి పోతున్నాయి. పండ్లు, కూరలు మామూలుగానే తినమన్నారు. పిన్నికి చెప్తే ఏమీ అనుకోలేదు, రోజూ బత్తాయిలు పంపిస్తోంది.

రేడియేషన్ అయిన నెలకి ఎంఆర్ఐ, అప్పుడు మళ్ళీ రాస్తాను.