సవర భాష చదువు ఏ శాఖలో దొరుకుతుంది? విశ్వవిద్యాలయ కోర్సుల జాబితాలో ఎలా వెతకాలి?

ప్రశ్న: పర్లాకిమిడి విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చరిత్ర ప్రధాన విషయంగా డిగ్రీ పూర్తిచేసి ఎం.ఏ.లో చేరే ప్రయత్నంలో ఉన్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదువుకున్నాను, మా నాన్నగారు సంతకు వచ్చే సవరవారితో సవరలోనే బేరం మాట్లాడతారు. ఈ మూడు భాషలు ఇంత దగ్గరగా మెలగడం వల్ల ఒకదాని మాటలు, వాక్యపు తీరు మరొకదానిలోకి ఎలా చేరాయో చదవాలని నా కోరిక. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం రాశారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని కనుక, ఈ చదువు ఎక్కడో ఒకచోట తప్పక ఉంటుందని నమ్ముతున్నాను.

ఒక పెద్ద విశ్వవిద్యాలయం వారి కోర్సుల జాబితా తెరిచాను. శాఖకు ఒకటి చొప్పున నలభైకి పైగా పీడీఎఫ్‌లు ఉన్నాయి కాని, అన్నింటినీ కలిపి వెతికే వీలు లేదు. భాషాశాస్త్ర శాఖ పీడీఎఫ్‌లో సవర అని ఇంగ్లీషు అక్షరాలతో వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు. మరేదో చూస్తూ మానవశాస్త్ర శాఖ సిలబస్ తెరిస్తే, గిరిజన సమాజాల కోర్సులో ఒక యూనిట్ మొత్తం సవరల గురించే ఉంది. అది అనుకోకుండా కంటబడింది. ఇలా కంటబడనివి ఇంకెన్ని ఉన్నాయో అన్నదే నా బెంగ. ఇన్ని శాఖల మధ్య చెదిరి ఉన్న ఒక విషయాన్ని క్రమపద్ధతిలో ఎలా వెతకాలి? ఒక శాఖలో చేరినవారు మరో శాఖ కోర్సు తీసుకోవచ్చో లేదో ఎక్కడ చూసి తెలుసుకోవాలి? దయచేసి పెద్దలు చెప్పగలరు.

జవాబు: బరంపురం విశ్రాంత గ్రంథపాలకుడు

అమ్మా, నీ ఇబ్బంది గ్రంథాలయాలకు చాలా పాతది. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు ఇచ్చే డ్యూయీ వర్గీకరణ 1876లో వెలువడింది. అందులో పుస్తకాలను విద్యాశాఖల వారీగా అమర్చుతారు కనుక, సవరల గురించిన పుస్తకాలు ఒకే అరలో ఉండవు. సవర కూడా చేరే ముండా భాషల వ్యాకరణం 495.95 దగ్గర ఉంటుంది, వారి కథలు 398 దగ్గర, వారి సమాజం గురించిన రచనలు 305.8 దగ్గర, ఈ ప్రాంతపు చరిత్ర 954 దగ్గర ఉంటాయి. ఈ చెదురును ముందే ఊహించి, డ్యూయీ తన పట్టికల చివర సాపేక్ష సూచిక అనే అకారాది పట్టికను చేర్చాడు. ఒక విషయం ఏయే శాస్త్రాల కింద ఎక్కడెక్కడ ఉందో అది ఒక్కచోట చూపుతుంది. నువ్వు చూసిన కోర్సుల జాబితా కూడా శాఖల వారీగానే అమర్చారు, కాని దానికి అటువంటి సూచిక లేదు. ఆ సూచికను నీకోసం నువ్వే తయారు చేసుకోవాలి. నా అనుభవంలో ఇంతకంటె దగ్గరి దారి లేదు.

మొదట నీ ప్రశ్నను విడగొట్టు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణ నేర్పినది ఈ అలవాటునే: ఒక విషయాన్ని అది ఎవరిది, ఏ వస్తువును గురించినది, దానితో జరిగే పని ఏమిటి, ఏ చోటిది, ఏ కాలానిది అని ముఖాలుగా విడదీసి చూడడం. నీ విషయానికి సవరలు ఒక ముఖం, భాష ఒక ముఖం, భాషల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఒక ముఖం, ఒడిశా ఆంధ్రల సరిహద్దు ఒక ముఖం. ఒక్కొక్క ముఖానికి ఒక కాగితం పెట్టుకుని, దాన్ని ఏయే శాఖల వారు ఏయే మాటలతో పిలుస్తారో రాసుకో. మానవశాస్త్రంవారు తెగ అంటారు, చరిత్రవారు ఏజెన్సీ ప్రాంతం అంటారు, రాజనీతిశాస్త్రంవారు రాజ్యాంగపు అయిదో షెడ్యూలు అంటారు. భాషాశాస్త్రంవారు చాలాసార్లు తెగ పేరైనా ఎత్తకుండా ముండా భాషలు, ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబం అని రాసి ఊరుకుంటారు. నీకు ఫలితం రాకపోవడానికి కారణం బహుశా ఇదే.

రెండో కారణం వర్ణక్రమం. ఈ తెగ పేరును ఇంగ్లీషులో సవర, సొర, సౌర, సవొర అని నాలుగైదు రకాలుగా రాస్తారు. ఒడిశా ప్రభుత్వ పత్రాల్లో లాంజియా సౌర అని ఉంటుంది. పంతులుగారి వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయినప్పుడు, దాని పేరులోనే సొర అన్న మాటను అక్షరాల నడుమ కోలన్ గుర్తులు పెట్టి ముద్రించారు. యంత్రం నువ్వు కొట్టిన అక్షరాలనే వెతుకుతుంది తప్ప అర్థాన్ని వెతకదు. కనుక ప్రతి రూపాన్నీ విడివిడిగా కొట్టి చూడాలి. లిపి పేరుతో కూడా వెతుకు: మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన సొరంగ్ సోంపెంగ్ లిపిని, గిరిజన లిపుల గురించి చెప్పే కోర్సుల్లో ప్రస్తావించే అవకాశం ఉంది.

జవాబు: గుణుపురం పరిశోధక విద్యార్థి

పెద్దాయన చెప్పిన దానికి ఆచరణలో ఎదురయ్యే కొన్ని సంగతులు చేర్చుతాను.

ముందుగా ఆ పీడీఎఫ్‌లలో నిజంగా అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. పాత సిలబస్‌లు చాలావరకు కాగితాలను స్కాన్ చేసిన బొమ్మలే. వాటిలో ఏ మాట వెతికినా ఫలితం సున్నాయే వస్తుంది, మనం ఆ మాట అందులో లేదనుకుని ముందుకు పోతాం. తెలుగు, ఒడియా శాఖల సిలబస్‌లలో మరో చిక్కు ఉంది. అవి యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో, అంటే తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్ల వంటివాటిలో టైపు చేసినవైతే, కంటికి తెలుగుగానో ఒడియాగానో కనిపిస్తూనే వెతుకులాటకు మాత్రం దొరకవు. ఫైలు తెరిచి, అందులో మీ కళ్ళకు కనిపిస్తున్న ఏదో ఒక మాటను వెతికి చూడండి. అదే దొరకకపోతే ఆ ఫైలును పేజీ పేజీ చదవడం తప్ప దారి లేదు. నేను అలా ఆరు ఫైళ్ళు చదివాను. విసుగు పుట్టినా, నాకు పనికొచ్చిన కోర్సు ఒకటి వాటిలోనే బయటపడింది.

శాఖల పేర్లను బట్టి ముందే కొట్టివేయకండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్నే తీసుకుంటే, భాషాశాస్త్రమూ అనువాదమూ ఒక కేంద్రంలో, అంతరించిపోతున్న భాషలు మరొక కేంద్రంలో, జానపద సంస్కృతి ఇంకొక కేంద్రంలో, మానవశాస్త్రం వేరే శాఖలో ఉన్నాయి. భాషాశాస్త్ర శాఖ అన్న పేరు కోసం మాత్రమే చూసేవారికి వీటిలో సగం కనబడవు.

కోర్సు సంఖ్యను కూడా చదవడం నేర్చుకోవాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రంలో 100 మొదలు 199 వరకు ప్రాథమిక కోర్సులు, 200ల్లో మధ్యస్థాయివి, 300ల్లో పై స్థాయివి, 400ల్లో ఉన్నత స్థాయివి. అన్ని విశ్వవిద్యాలయాలూ ఈ సంఖ్యలనే వాడడం లేదు కాని, సంఖ్య పెరిగేకొద్దీ ముందుగా చదివి ఉండవలసిన కోర్సులు ఉంటాయన్నది దాదాపు అంతటా వర్తిస్తుంది. మరో శాఖవారు తీసుకోవచ్చా అన్నది కోర్సు వివరణలో కన్నా, ఆ ప్రోగ్రాం నిబంధనల్లో ఓపెన్ ఎలక్టివ్ లేదా జనరిక్ ఎలక్టివ్ అన్న శీర్షిక కింద దొరుకుతుంది.

జాబితాలో ఉన్న ప్రతి కోర్సూ ప్రతి ఏడాదీ నడవదన్నది మరచిపోకండి. అధ్యాపకులు సెలవులో వెళ్ళినా, చేరేవారు తక్కువైనా ఆ కోర్సు పేరుకే మిగులుతుంది. సిలబస్ పీడీఎఫ్‌ను ఆ సెమిస్టర్ టైంటేబుల్‌తో పోల్చి చూడండి. గత రెండేళ్ళ టైంటేబుళ్ళు కూడా దొరికితే ఏది నిజంగా నడుస్తోందో తెలిసిపోతుంది.

జవాబు: సిరోంచ ఉపాధ్యాయుడు

మాది గడ్చిరోలి జిల్లా. ఇక్కడ తెలుగు, మరాఠీ, గోండీ కలిసి ఉంటాయి కనుక మీ ప్రశ్న నా మనసుకు దగ్గరగా తోచింది. నేను గోండీ కోసం వెతికినప్పుడు ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం అన్న ఒక్క కోర్సు పేరు పట్టుకుంటే సగం దారి తెరుచుకుంది, ఎందుకంటే గోండీ తెలుగులాగే దక్షిణ మధ్య ద్రావిడ భాష. సవరకు ఆ దారి లేదు. అది ముండా భాష కనుక తెలుగు శాఖవారి ద్రావిడ భాషాశాస్త్ర కోర్సుల్లో దానికి చోటు దాదాపు ఉండదు, ముండా భాషలు మాత్రమే చెప్పే కోర్సు దొరకడమూ అరుదే.

అయితే మీ ప్రశ్న సవర ఒక్కదాని గురించి కాదు. మూడు వేరువేరు కుటుంబాల భాషలు ఒకేచోట ఉండి ఒకదానినొకటి మార్చుకోవడం గురించి. ఒడియా ఇండో ఆర్యన్, తెలుగు ద్రావిడం, సవర ముండా. దీనికి భాషాశాస్త్రంలో స్థిరపడిన పేరు భాషా ప్రాంతం. భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో భారతదేశం మొత్తాన్ని అటువంటి ప్రాంతంగా చూపుతూ వ్యాసం రాశాడు. కనుక భాషా ప్రాంతం, భాషా సంపర్కం, బహుభాషికత, దక్షిణాసియా భాషలు అన్న నాలుగు మాటలతో ముందు వెతకండి. తెగ పేరుతో వెతకడం ఆ తరువాత.

ఒక్క విషయంలో పై మిత్రుడితో కొంచెం విభేదిస్తాను. అన్ని శాఖల్లోనూ వెతకడం మంచిదే కాని, అన్ని శాఖల నుంచీ కోర్సులు ఏరుకోవడం మంచిది కాదు. మీకు ధ్వనిశాస్త్రం రాకుండా సవర మాటలను రాసుకోలేరు, వాక్యనిర్మాణ పరిచయం లేకుండా పోల్చలేరు. భాషాశాస్త్రంలో కుదురుగా నిలబడి, మానవశాస్త్రం నుంచి క్షేత్ర పరిశోధన పద్ధతుల కోర్సు ఒక్కటి తెచ్చుకుంటే చాలునని నా అభిప్రాయం. మీరు చేరిన చోట ఏదైనా పునాది కోర్సు లేకపోతే కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయంలో చూడండి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల వరకు అక్కడి క్రెడిట్లను విశ్వవిద్యాలయం అంగీకరించవచ్చు. డబ్బు కట్టే ముందు శాఖ నుంచి ఆ అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: పర్లాకిమిడి విద్యార్థిని

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. రెండు రోజులు కూర్చుని మీరు చెప్పినట్టే సూచిక తయారు చేసుకున్నాను. భాషా సంపర్కం అన్న మాటతో భాషాశాస్త్ర శాఖలోనే రెండు కోర్సులు దొరికాయి, వాటిలో ఒకదాని పఠన జాబితాలో పంతులుగారి వ్యాకరణం కోలన్ గుర్తులతో సహా ఉంది. నేను మొదటిరోజు వెతికినది ఆ ఫైలులోనే. మానవశాస్త్రం, జానపద అధ్యయనం, చరిత్ర కలుపుకుని మొత్తం పదకొండు కోర్సులు తేలాయి. వాటిలో నాలుగు గత రెండేళ్ళ టైంటేబుళ్ళలో లేవు కనుక పక్కన పెట్టాను. ఒడియా శాఖ ఫైలు గుణుపురం అన్నగారు చెప్పిన పాత ఫాంట్లదే. అందులో ఇరవై పేజీలు చదివాను, ఇంకా అరవై ఉన్నాయి. క్షేత్ర పరిశోధన కోర్సుకు బయటి శాఖవారిని చేర్చుకుంటారా అని ఆ కోర్సు చెప్పే అధ్యాపకురాలికి ఈరోజే ఉత్తరం రాశాను. సమాధానం రాగానే ఇక్కడ తెలియజేస్తాను.