ప్లాన్‌లో అప్పు కడుతుంటే బ్యాంకు కోసిన చార్జీలు వెనక్కొస్తాయా?

అన్నలూ, మాది పర్లాకిమిడి, చిన్న కిరాణా కొట్టు. రెండు లోన్లు, ఒక కార్డు బాకీ. బ్యాంకోళ్ళతో మాట్లాడి నెలనెలా కొంచెం కొంచెం కట్టేలా ప్లాన్ వేయించుకున్నా, కడుతున్నా కూడా, కానీ మినిమం బేలన్స్ చార్జీ, కిస్తీ టైముకి ఖాతాలో డబ్బు లేదని వేసే బౌన్స్ చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ అని కోసుకుంటూ పోయి సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి ఎల్పోయింది. గట్టిగా అడిగితే ప్లాన్ తీసేస్తారేమోనని భయం. ఏటి చెయ్యమంటారు?

జవాబు: చార్జీ గొడవ వేరు, ప్లాన్ వేరు తమ్ముడూ, కిస్తీ మాత్రం ఆపకు. మినిమం బేలన్స్ చార్జీ వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్ అవ్వకూడదని 2015 ఏప్రిల్ నుంచీ ఆర్బీఐ రూలు ఉంది, ముందే మెసేజ్ కూడా ఇవ్వాలి. స్టేట్‌మెంట్ తీసి, కోతల కింద గీతలు గీసి కాయితం ఇవ్వు. నకలు మీద సీలు వేయించుకో, అది ముఖ్యం!

జవాబు: బరంపురంలో నాకూ ఇదే అయ్యింది. మేనేజరు నవ్వి పంపేశాడు. 30 రోజులు చూసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టా, ఫీజు లేదు. మినిమం చార్జీ వచ్చింది, బౌన్స్‌ది రాలేదు, డబ్బు లేకపోవడం మన తప్పేనంట. ఖాతాని జీరో బేలన్స్‌కి మార్చమని కూడా అడుగు.

అడిగినోడు: సరే అన్నా, సోమవారం కొట్టు మా ఆవిడకి అప్పజెప్పి ఎల్తా.