ఎలుగుబంటి కనబడిన చోటు అందరికీ చెప్పాలా, ఫారెస్టు వాళ్లకు మాత్రమేనా?

చీనీతోట (కుందుర్పి వైపు, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో నెల రోజులుగా ఇదే పంచాయితీ. ఇక్కడ సీమ నాలుగు మూలల వాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మా ఊరి వెనక గుట్టలో ఎలుగుబంట్లు తాతల కాలం నుంచీ ఉన్నాయి. పగలంతా గుండ్ల సందుల్లో పడుకుని పొద్దుగూకాక దిగుతాయి. ఇంతకుముందు రేగుపండ్లు, సీతాఫలాలు, చెదపుట్టలు చూసుకుని వెళ్లిపోయేవి. ఇప్పుడు డ్రిప్పు పైపులు కొరికి నీళ్లు తాగుతున్నాయి, చెనిక్కాయ చెట్లు పీకి కాయలు తింటున్నాయి. ఒకటి ఆంజనేయస్వామి గుడి తలుపు తోసుకుని పోయి ప్రమిదల్లో నూనె నాకింది. తలుపు చెక్క మీద దాని గోళ్ల గీతలు ఇంకా ఉన్నాయి, చిటికెన వేలు కొస పట్టేంత లోతు.

పోయిన నెల ఒకాయన పొలం గట్టు మీద తల్లి ఎలుగు, దాని వీపు మీద రెండు పిల్లలు పోతుంటే వీడియో తీసి లొకేషన్‌తో సహా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మంచికే పెట్టాడు. సాయంత్రానికి అది పక్క మండలాలు దాటింది. తెల్లారేసరికి పది పన్నెండు బైకులు వచ్చాయి. గుండ్ల చుట్టూ మూగి కేకలు వేశారు, టపాకాయలు కాల్చారు. తల్లి బయటికి ఉరికింది. వచ్చినోళ్లంతా బైకులెక్కి పోయారు. దెబ్బ తిన్నది మాత్రం అటుగా ఆవులు తోలుకుపోతున్న మా ఊరి పెద్దాయన. తొడ చీరేసింది. ప్రాణం దక్కింది, ఇంకా మంచం మీదే ఉన్నాడు.

నేనైతే చోటు బయటపెట్టొద్దంటున్నా. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేసి ఊరుకోవాలి. మీరేమంటారు?

చాక్‌పీసు (అనంతపురం)

పెద్దాయన తొందరగా కోలుకోవాలి. కానీ మీ మాట ఒప్పుకోలేను అన్నా. తప్పు చోటు చెప్పడంలో లేదు, మూగిన వాళ్లలో ఉంది. ఎలుగు కనబడిన ప్రతిసారీ తేదీ, టైము, చోటు రాసి మ్యాపు మీద పెడితే ఏ నెలలో ఏ దారిన దిగుతున్నాయో ఏడాదిలో తెలిసిపోతుంది. మనం దాచుకుంటే ఎవరి దగ్గరా లెక్క ఉండదు. దాడి జరిగినప్పుడు పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి, అంతే. దాడి లేకుండా ఎదురుపడి ఎవరి దారిన వాళ్లు పోయిన సందర్భాలు వందల్లో ఉంటాయి. అవి రాయకపోతే ఎలుగంటే మనిషి మీద పడేదనే అనుకుంటాం.

మందకాపరి (రాయదుర్గం వైపు)

చీనీతోట అన్నా, కోపం తెచ్చుకోవద్దు. చోటు చెప్పొద్దనే మాట వింటే నాకు కడుపు మండుతుంది.

మా నాయన గొర్రెల కాపరి. ఆరేళ్ల కింద వంకలో మంద ఆపి, చెంబు పట్టుకుని తుమ్మ చెట్ల వెనక్కి పోయాడు. అక్కడ చెదపుట్ట తవ్వుకుంటూ ఎలుగు ఉంది. మూతి పుట్టలో పెట్టి చెదలు పీల్చుకునేటప్పుడు దానికి వేరే ధ్యాస ఉండదు. పై పండ్లలో ముందు రెండు లేవు కదా, ఆ సందులోంచి పీలుస్తుంది, ఆ చప్పుడు చానా దూరం వినబడుతుంది. మా నాయనకు చెవుడు, వినబడలేదు. రెండు బారల దూరంలోకి పోయాక అది తలెత్తింది. అది పారిపోయే జాతి కాదు, మీదికి వస్తుంది, వచ్చిందంటే మొహమే. ఎడమ కన్ను పోయింది. నెత్తి మీద చర్మం కుట్టడానికి కర్నూలు తీసుకుపోయాం.

తర్వాత తెలిసిందేమంటే, ముందు రోజు సాయంత్రం అదే వంకలో ఇద్దరు దాన్ని చూశారు. ఒకతను ఫోన్ చేసి చెప్పాల్సినోళ్లకు చెప్పాడు కూడా. ఆ మాట మా నాయన దాకా రాలేదు. ఒక్క మాట అందుంటే మందను ఆ రోజు ఇంకో దిక్కుకు తోలేవాడు. మీరు దాచమంటున్నది ఆ ఒక్క మాటనే అన్నా.

సిద్ధవటం దారి (కడప జిల్లా)

లంకమల వైపు మాకూ ఉన్నాయి. మా పెద్దోళ్లు ఎలుగు వస్తే చెట్టెక్కమని చెప్తారు. ముందు అందరికీ ఇవి నేర్పితే చోటు గొడవే ఉండదు కదా?

నల్లమల నడక (ఆత్మకూరు, పాత కర్నూలు జిల్లా)

సిద్ధవటం తమ్ముడూ, చెట్టెక్కొద్దు. తేనెపట్టు కోసం అది మనకంటే బాగా ఎక్కుతుంది. పరిగెత్తొద్దు కూడా. దూరంగా ఉంటే మొహం అటే పెట్టి మెల్లగా వెనక్కి రావాలి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక కప్పుకోవాలి. అన్నిటికంటే ముందు, పొదల్లో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ, కర్ర నేలకు కొడుతూ నడవాలి. దానికి ముక్కు చురుకు గానీ చూపు అంతంత మాత్రం. మనం వస్తున్నట్టు ముందే తెలిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది.

ఇక చోటు సంగతి. నేను నాలుగు సీజన్లు పులుల లెక్కకు కెమెరాలు కట్టడానికి పోయాను. 1983 నుంచి మాది పులుల అభయారణ్యం. కెమెరాలో పులి ఒక్కసారి పడితే ఎలుగు పదిసార్లు పడిన రోజులున్నాయి. ఏ కెమెరా ఏ చెట్టుకు కట్టామో ఇంట్లో వాళ్లకు కూడా చెప్పేవాళ్లం కాదు. ఎలుగు పిత్తానికి దొంగ బేరం ఉంది, తాయెత్తుల కోసం వెంట్రుకలు అడిగేవాళ్లున్నారు. పులికున్న రక్షణే చట్టంలో ఎలుగుకూ ఉంది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పేరుంది. చట్టం ఉన్నా ఉచ్చు పెట్టేవాడికి కావాల్సింది చోటే. అది మనమే మ్యాపు మీద పెట్టి ఇస్తామా?

చాక్‌పీసు గారికి ఇంకో మాట. కనబడిన సార్లు లెక్క పెడితే అది ఎలుగుల లెక్క అయిపోదు. ఒకే ఎలుగు తెల్లవారుజామున పాలవాడికి, తర్వాత నీళ్లు కట్టేవాడికి, బస్సులో పోయేవాడికి కనబడితే గ్రూపులో మూడు ఎలుగులు అవుతాయి. ఛాతీ మీద తెల్ల మచ్చ చూసి కొంత పోల్చవచ్చు గానీ చీకట్లో అదెవరు చూస్తారు? రోడ్డు పక్కన ఎక్కువ కనబడితే అక్కడ మనుషులు ఎక్కువ తిరుగుతున్నారనీ కావచ్చు. తవ్విన పుట్టలు, గోళ్లతో సహా పడిన అడుగులు, రేగు గింజలున్న మలం, ఇవి కూడా రాస్తేనే దారి తెలుస్తుంది.

చాక్‌పీసు

లెక్క సంగతి ఒప్పుకుంటాను సార్. పులులకు కెమెరాలున్నాయి, లెక్కలున్నాయి. కుందుర్పి గుట్టలు అభయారణ్యం కాదే! అక్కడ రాసేది మనం కాకపోతే ఎవరు?

కడప బిడ్డ (ఇప్పుడు న్యూజెర్సీ)

మాది ప్రొద్దుటూరు దగ్గర. ఇక్కడ మా ఇంటి వెనక చెత్తడబ్బా దగ్గరికి బ్లాక్ బేర్ వస్తుంది. మన ఎలుగు వేరే జాతి. ఇక్కడిది బెదిరిస్తే ఎక్కువగా చెట్టెక్కుతుంది, పారిపోతుంది, కాబట్టి ఇక్కడి సలహాలు అక్కడికి పనికిరావు. నమోదు చేసే పద్ధతి మాత్రం చెప్పాలనిపించింది. ఈ రాష్ట్రంలో 21 కౌంటీలున్నాయి, అన్నిట్లోనూ ఎలుగులు కనబడ్డాయి. ఫోన్ చేస్తే వాటిని మూడు రకాలుగా విడదీస్తారు. మనుషులకు, ఆస్తికి ప్రమాదమైతే ఒకటో రకం. చెత్తడబ్బా తిరగేసి విసిగిస్తే రెండు. ఊరికే దారిన పోతే మూడు. మూడో రకానికి బోను తీసుకురారు. చెత్త మూత గట్టిగా వేసుకోండి, పిట్టల గింజలు బయట పెట్టొద్దు అని చెప్తారు. ఎలుగుకు తిండి పెట్టడం ఇక్కడ చట్టప్రకారం నేరం.

చీనీతోట అన్నా, మీ గుడి నూనె సంగతి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆ తలుపుకు గొళ్లెం ఉందా?

చీనీతోట

లేదు తమ్ముడూ. ఇన్నేళ్లలో అవసరం పడలేదు. రేపే పెట్టిస్తా. కొబ్బరి చిప్పలు కూడా గుడి వెనకే పారేస్తున్నాం, అదీ ఆపాలి.

మందకాపరి, నీ మాట రెండుసార్లు చదివాను. మీ నాయన గురించి చదివాక నేను మొదట రాసింది అలాగే ఉంచలేను. మా ముసలాయనకు దెబ్బ తగిలింది చోటు తెలియాల్సిన అవసరం లేని వాళ్లకు తెలిసి. మీ నాయనకు తగిలింది తెలియాల్సిన ఆయనకు తెలియక. రెండూ ఒకటే గొడవని ఇప్పుడు అర్థమైంది. ఆ దారిన పొద్దున నడిచేవాడికి వెంటనే చెప్పాలి. వీడియో, లొకేషన్ గుర్తు, గుండ్ల సందు ఏదో, పిల్లలున్నాయో లేదో, ఇవి ఫారెస్టు వాళ్లకు తప్ప ఎవరికీ పోకూడదు. ఊరికి "ఫలానా వంక దారి, ఫలానా టైము, ఫలానా వైపుకు పోయింది" అని చెప్తే చాలు.

చాక్‌పీసు అడిగిన లెక్క కోసం పంచాయతీ ఆఫీసులో ఒక నోటుబుక్కు పెడదామని మాట్లాడాను. ఎదురుపడి ఏమీ జరగకపోయినా రాయాలి. మనిషి ఏం చేశాడు, ఎలుగు ఏం చేసింది, అదీ రాయాలి.

నల్లమల నడక

ఆ నోటుబుక్కు ఫొటో తీసి గ్రూపులో పెట్టకుండా చూసుకోండి. చలికాలంలో పిల్లల్ని పెడతాయి, అప్పటి పేజీలు మరీ జాగ్రత్త. నాకు ఇంకా అనుమానమే. పది మంది చేతుల్లో ఉన్న బుక్కు గుట్టుగా ఉండదు.

మందకాపరి

సార్ అనుమానం నాకూ ఉంది, అయినా ఉచ్చులకు భయపడి నోరు మూసుకోలేం. అన్నా, నాదొక్కటే ప్రశ్న. మా నాయన దగ్గర ఉన్నది బటన్ ఫోను. చెవుడు. వాట్సాప్ లేదు, చదువు రాదు. పొద్దున నాలుగున్నరకు మంద తోలతాడు. నీ నోటుబుక్కులోది ఆయనకు ఎట్లా చేరుతుంది?

చీనీతోట

ఇది నాకు తట్టలేదు. గుడి మైకులో చెప్పిద్దాం అనుకున్నా గానీ చెవుడు ఉన్నాయనకు అదీ పనికిరాదు.

ఇందాకే మా ఊరి కాపర్లతో కూర్చున్నా. వాళ్లే ఒక దారి చెప్పారు. మందలన్నీ ఊరి బయట బోరు తొట్టి దగ్గర నీళ్లు తాగాకే గుట్ట వైపు తిరుగుతాయి. రాత్రి ఎలుగు దిగినట్టు తెలిస్తే, అది దిగిన దారి వైపు ఆ తొట్టి పక్క కంపకు ఎర్ర గుడ్డ కట్టాలి. వంక దారి అయితే ఎడమ కంపకు, గుడి దారి అయితే కుడి కంపకు. కట్టే పని తెల్లవారుజామున పాలకు పోయే పిల్లోడు ఒప్పుకున్నాడు. ఎర్ర చీర ఒకటి మా ఆవిడ చింపి ఇచ్చింది, పదహారు ముక్కలయ్యాయి.