కంప్యూటర్ రికార్డింగ్ కన్నా ప్రాక్టీస్ క్యాసెట్టే ఎందుకు బాగుంది?

హన్మకొండ_గిటార్
మాది నలుగురి రాక్ బ్యాండ్. ఒక పాటను నెల రోజులు కంప్యూటర్‌లో రికార్డ్ చేశాం, ఎవరిది వాళ్లం విడిగా వాయించి, డ్రమ్స్ దెబ్బ దెబ్బా గ్రిడ్ మీద, అంటే కంప్యూటర్ చూపించే సమాన తాళపు గీతల మీద, కూర్చోబెట్టి, శ్రుతి కూడా సరిచేశాం. తప్పు లేదు, కానీ పాటలో పాణం లేదు. ప్రాక్టీస్‌లో నాన్న పాత టేప్ రికార్డర్‌లో ఊరికే పట్టిన క్యాసెట్ ఉంది. హిస్ (టేపు సుయ్‌మనే చప్పుడు), ఫ్యాన్ చప్పుడు, రెండో చరణంలో డ్రమ్మర్ తొందరపాటు, అన్నీ ఉన్నాయి, అయినా అందరం అదే వింటున్నాం. ఇది టేపు గుణమా, పాత క్యాసెట్ల మీద మమకారమా?

చౌరస్తా_క్యాసెట్లు
తమ్మీ, టేపు గుణం ఉంది. నేను చౌరస్తాలో ఏళ్ల తరబడి పాటలు ఎక్కించి ఇచ్చినవాడిని. శబ్దం హద్దు దాటితే డిజిటల్‌లో కత్తితో కోసినట్టు తెగుతుంది, టేపులో మెల్లగా వంగుతుంది, అందుకే డ్రమ్ దెబ్బ మొన అరిగి గుండ్రంగా వినిపిస్తుంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, కాబట్టి హిస్ తప్పదు. ఇంకోటి, ఇంటి టేప్ రికార్డర్లలో చాలావాటికి రికార్డింగ్ లెవెల్ దానంతట అదే మారుతుంది, శబ్దం తగ్గితే అదే పెంచేస్తుంది. పాడటం ఆపగానే ఫ్యాన్ చప్పుడు పైకి లేస్తోందా, విని చూడు. ఆ గది ఊపిరి పీల్చినట్టు ఉంటుంది.

కాజీపేట_బేస్
అన్న చెప్పింది నిజమే, కానీ అసలు సంగతి వాయించడంలో ఉంది. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో వచ్చిన 'నెబ్రాస్కా' ఆల్బమ్ పాటలను ఇంట్లోనే నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద, బ్యాండ్‌కు వినిపించడానికని పట్టుకున్నాడు. తర్వాత స్టూడియోలో బ్యాండ్‌తో వాయించి చూస్తే ఆ గుణం రాలేదు, చివరికి ఆ క్యాసెట్‌నే ఆల్బమ్‌గా వేశారు. ఎవరికోసమో పాడుతున్నామన్న టెన్షన్ లేని గొంతు అది. మీ క్యాసెట్‌లోనూ నలుగురు ఒకరినొకరు చూసుకుంటూ వాయించారు, డ్రమ్మర్ తొందరపడితే మిగతా ముగ్గురూ వెంట పరిగెత్తి ఉంటారు. గ్రిడ్ మీద పోయింది అదే. దయచేసి శుభ్రమైన పాటకు హిస్ ప్లగిన్ (దొంగ హిస్ కలిపే సాఫ్ట్‌వేర్) మాత్రం తగిలించకండి.

హన్మకొండ_గిటార్
అన్నా, ఫ్యాన్ సంగతి నిజం! పల్లవి అయిపోగానే లేస్తోంది. నిన్న రాత్రి గ్రిడ్ తీసేసి, నలుగురం ఒకే గదిలో కలిసి వాయించి కంప్యూటర్‌లోనే పట్టాం. చాలావరకు పాణం వచ్చింది. గొంతు మాత్రం క్యాసెట్‌లోదే బాగుంది, ఆదివారం దాన్ని మళ్లీ టేపు మీద పాడి చూస్తాం.