పిల్లి ఏదైనా మింగేస్తే ఇంట్లోనే కక్కించాలా, చెయ్యి పెట్టకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా?

చిట్టి_వాళ్ళమ్మ (విజయవాడ):
నాలుగు రోజుల్నించి ఇంట్లో ఇదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా పిల్లి చిట్టికి 11 నెలలు. పోయిన శుక్రవారం పొద్దున మా అత్తగారు మల్లెపూలు కడుతూ కుక్కర్ విజిల్ వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళారు, వచ్చేసరికి దారం ఉండ సగానికి సగం లేదు. చిట్టి నోట్లోంచి జానెడు దారం వేలాడుతోంది, అది తల విదిలించుకుంటూ గుటకలు వేస్తోంది. అత్తయ్య గారు ఆ కొస పట్టుకుని లాగబోయారు, నేను అరిచేసరికి ఆగారు. పక్కింటావిడ ఉప్పు నీళ్ళు పట్టు, కక్కేస్తుంది అన్నారు. మా మరిది ఫోన్లో, మెల్లగా లాగితే వచ్చేస్తుంది వదినా అన్నాడు. నాకు ఏదీ ధైర్యం చాలక తువ్వాలులో చుట్టి బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కేశా.

డాక్టర్ గారు ఏం చేశారంటే దాని గడ్డం కింద బొటనవేలితో నొక్కారు, నాలుక పైకి లేచింది. దారం నాలుక మొదట్లో ఉచ్చులా చుట్టుకుని ఉంది, అప్పటికే అక్కడ ఎర్రగా కోసుకుపోయింది. స్కానింగ్‌లో రెండో కొస పేగుల దాకా వెళ్ళిపోయిందని తేలింది. మధ్యాహ్నం ఆపరేషన్ అయింది. మొత్తం 26 వేలు. ఇప్పుడు బాగానే తింటోంది. కానీ మా మరిది మాత్రం వెంటనే కక్కిస్తే ఈ కోత, ఈ ఖర్చు రెండూ తప్పేవి అంటాడు. ఎవరిది కరెక్టు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లంకల_రాజు (కోనసీమ):
అమ్మా, మీ చిట్టి బతికింది, సంతోషం. కానీ మీ మరిది గారి మాటని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేమండి. మా కుక్క ఒకసారి పొలంలో ఎవరో పెట్టిన మందు పూసిన మాంసం ముక్క తినేసింది, నేను గ్లాసుడు ఉప్పు నీళ్ళు పట్టించా, మొత్తం కక్కేసింది, ఇంకో ఆరేళ్ళు బతికింది. ఇంట్లో ఏమీ చెయ్యొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అని పట్నం వాళ్ళు సులువుగా చెప్తారు. మాకు పశువుల ఆస్పత్రి ఉంది కానీ పిల్లికి స్కానింగ్ అంటే రాజమండ్రో కాకినాడో పోవాలి, రాత్రి అయితే అదీ లేదు. విషం లోపల పనిచేస్తుంటే చేతులు కట్టుకు కూర్చోవాలా?

హౌస్‌సర్జన్_పిల్ల:
నేను వెటర్నరీ చివరి ఏడాది, హౌస్ సర్జన్‌గా చేస్తున్నా, కాబట్టి రాజు గారూ కోప్పడకుండా వినండి. కుక్క వేరు, పిల్లి వేరు. కుక్కకే ఇప్పుడు ఉప్పు నీళ్ళు వద్దంటున్నాం. ఉప్పు కక్కించకపోతే అదంతా రక్తంలోకి పోతుంది, సోడియం పెరిగి మెదడు దెబ్బతిని ఫిట్స్ వస్తాయి. నాలుగు కిలోల జంతువుకి గ్లాసుడు ఉప్పు నీళ్ళంటే అదే ఒక విషం. హైడ్రోజన్ పెరాక్సైడ్ అని నెట్‌లో చూసి కొందరు పట్టిస్తారు, కుక్కలకి డాక్టర్ చెబితే వాడతారు గానీ పిల్లికి మాత్రం కడుపు లోపలి పొర పుండు పడి రక్తం కక్కుతుంది. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఎలాగూ ఉంది. కక్కించాల్సిన కేసు అయితే మేం జైలజీన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తాం, అది కూడా మింగి రెండు గంటల లోపు వస్తేనే ఎక్కువ ఉపయోగం.

ఇక దారం సంగతి. పిల్లి నాలుక మీద ముళ్ళు ఉంటాయి, అన్నీ గొంతు వైపు వంగి ఉంటాయి. దారం ఒకసారి వాటికి తగులుకుంటే పిల్లి ఉమ్మాలనుకున్నా ఉమ్మలేదు, మింగడం ఒక్కటే దాని చేతిలో ఉంటుంది. ఒక కొస నాలుక కిందో, కడుపు చివరో ఆగిపోతుంది, మిగతాది పేగులోకి పోతుంది. పేగు దాన్ని ముందుకి తోస్తూనే ఉంటుంది, దారం కదలదు, దాంతో పేగే లంగాకి బొందు లాగినట్టు కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా దారం మీదకి ఎక్కుతుంది. అప్పుడు బయట కొస లాగితే ఆ కుచ్చిళ్ళని రంపంతో కోసినట్టే. పేగు చిల్లు పడితే కడుపంతా చీము. అక్కా, మీ అత్తగారు ఆగిపోవడం చిట్టి అదృష్టం. వెనక నుంచి దారం వేలాడుతున్నా ఇదే మాట, లాగొద్దు.

మంచిర్యాల_బిడ్డ:
నేను ఇది రాయొద్దనుకున్న, కానీ చదివినంక రాయకుంట ఉండలేకపోతున్న. మా బుజ్జి గాడికి రెండేండ్లు. పోయిన చలికాలం జొరమొచ్చినట్టు మూల్గుతుంటే మా నాయిన ప్రేమతోనే పారాసెటమాల్ సగం గోలి పాలల్ల కలిపి తాగిపిచ్చిండు, మనకు తగ్గుతది గదా దానికి తగ్గుతది అనుకున్నడు. సాయంత్రానికి మొఖం ఉబ్బింది, ముందు పాదాలు ఉబ్బినయి. నోరు తెరిచి చూస్తే చిగుర్లు గులాబీ రంగు లేవు, మట్టి రంగుకొచ్చినయి. నోరు తెరుసుకొని గాలి పీల్చుడు మొదలువెట్టింది. రేపు పొద్దుగాల చూపిద్దాం అనుకున్నం. పొద్దుగాల్లకు లేదు.

మా నాయిన ఇప్పటికీ ఆ గిన్నె వాడడు. ఎవ్వరన్న ఇంట్ల పిల్లికి మన గోలి ఇద్దామనుకుంటే దండం పెడుత, ఇయ్యకండి.

హౌస్‌సర్జన్_పిల్ల:
అన్నా, చాలా బాధగా ఉంది. ఇందులో నాన్నగారి తప్పు లేదు, ఎవరూ ఆయనకి చెప్పలేదు. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ మన లివర్‌లో ఉన్నంతగా పిల్లి లివర్‌లో ఉండదు. అందుకే రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితికి వస్తుంది, మీరు చూసిన ఆ మట్టి రంగు అదే. 4 కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల గోలి అంటే కిలోకి 125 మిల్లీగ్రాములు పడినట్టు, సగం గోలి కూడా ప్రాణం తీస్తుంది. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్, మనుషుల ఆస్పత్రుల్లో కూడా దొరికే మందే, కానీ డోసు డాక్టరే వెయ్యాలి, గంటల్లో పడాలి. కాబట్టి గోలి మింగిందని తెలిస్తే లక్షణాలు వచ్చేదాకా ఆగొద్దు, అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యండి.

లంకల_రాజు:
బిడ్డా, చదువుతుంటే గొంతు పట్టేసింది. హౌస్‌సర్జన్ అమ్మాయ్, ఉప్పు నీళ్ళు తప్పని నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా, ఇకమీదట పట్టను. కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. మా దగ్గర ఇళ్ళల్లో ఎలుకల మందు లేని ఇల్లు లేదు. రాత్రి పదకొండుకి పిల్లి ఎలకల మందు తినేసింది. కారు లేదు. డాక్టర్ గారు ఎత్తరు. అప్పుడు ఏం చెయ్యాలో చెప్పు, వద్దన్నవి కాదు. పాలు పట్టొచ్చా? మా అమ్మమ్మ అదే చేసేది.

హౌస్‌సర్జన్_పిల్ల:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ముందు పాల సంగతి: పట్టకండి. మన దగ్గర ఎలుకల మందులు ముఖ్యంగా మూడు రకాలు, మూడింటికీ కథ వేరు.

ట్యూబులో వచ్చే పేస్ట్‌లో ఎల్లో ఫాస్ఫరస్ ఉంటుంది. అది కొవ్వులో కరుగుతుంది, కాబట్టి పాలు, నెయ్యి, నూనె పడితే ఇంకా తొందరగా ఒంట్లోకి ఎక్కుతుంది, లివర్ పోతుంది. నల్లగా, బూడిద రంగులో ఉండే పొడి జింక్ ఫాస్ఫైడ్, కడుపులో యాసిడ్ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది, తిండి పెడితే యాసిడ్ ఇంకా ఊరుతుంది, అందుకే దానికి ఏమీ పెట్టకూడదు. అది తిన్న పిల్లి కక్కితే ఆ వాయువు మీకూ ప్రమాదమే, కిటికీలు తెరిచెయ్యండి. దీనికి విరుగుడు లేదు, ఉన్న టైమే మందు. మూడోది బిళ్ళలుగా, కేకులుగా వచ్చే బ్రోమాడియోలోన్. ఇది తిన్న పిల్లి రెండు మూడు రోజులు మామూలుగానే తిరుగుతుంది, జనం ఏం కాలేదులే అనుకుంటారు, ఆ తర్వాత రక్తం గడ్డకట్టక చిగుళ్ళ నుంచో లోపలో కారడం మొదలవుతుంది. దీనికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి వాడాలి, కానీ బాగా పనిచేస్తుంది.

అంటే రాజు గారూ, రాత్రి పదకొండుకి మీరు చెయ్యగలిగిన పెద్ద పని ఆ మందు ప్యాకెట్ వెతికి పట్టుకోవడం. పేరు ఫొటో తీసి ఏ ఊరి వెటర్నరీ డాక్టర్‌కైనా పంపించండి, ఎంత తింది, ఎప్పుడు తింది, పిల్లి బరువెంత, ఈ మూడూ చెప్పండి. ఒంటి మీద అంటుకున్నది తడిగుడ్డతో తుడవండి, లేకపోతే నాక్కుని మళ్ళీ మింగుతుంది. కక్కితే ఆ కక్కు కవర్‌లో కట్టి ఉంచండి. 1962 నంబర్ మొబైల్ వెటర్నరీ బళ్ళు ఎక్కువగా పశువుల కోసమే, అయినా ఆ నంబర్ దగ్గర పెట్టుకోండి. యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్, బటన్ బ్యాటరీ అయితే ఎవరు చెప్పినా కక్కించొద్దు, దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది, కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

డాలస్_సుధ:
అమెరికాలో ఉన్నా నాదీ ఇదే కథ. గృహప్రవేశానికి ఎవరో పెద్ద లిల్లీ బొకే తెచ్చారు, మా సోము దాని పుప్పొడి ముక్కుకి పూసుకుని నాక్కుంటూ కనిపించాడు. నేను నవ్వి ఫొటో తీశా. మా ఆయన ఎందుకో వెతికి చూసి ఉలిక్కిపడ్డారు. ఏఎస్‌పీసీఏ అని ఇక్కడి జంతు సంరక్షణ సంస్థ, వాళ్ళ పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాం, ఫీజు తీసుకుంటారు గానీ 24 గంటలూ ఎత్తుతారు. ఆకు, రేకు, పుప్పొడి, ఆఖరికి వాజ్‌లో నీళ్ళు తాగినా పిల్లికి కిడ్నీలు పోతాయట, కుక్కకి అలా కాదట. ఇంట్లో కక్కించొద్దు, బయల్దేరండి అన్నారు. రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు, కిడ్నీలు నిలబడ్డాయి.

కానీ ఒక మాటకి నేను ఒప్పుకోను. మింగిన ప్రతిదానికీ పరిగెత్తక్కర్లేదు. అదే సోము ఒకసారి చిన్న థర్మోకోల్ పూస మింగితే మా డాక్టరే రెండు రోజులు చూడమన్నారు, దొడ్డికి పోయినప్పుడు వచ్చేసింది.

తెనాలి_పూలకొట్టు:
మేడమ్, భయపెట్టేశారు. మా కొట్లో రోజూ లిల్లీ పూలు కిలోల లెక్కన అమ్ముతాం, కొట్లో పిల్లి పూల మీదే పడుకుంటుంది, ఏం కాలేదే.

హౌస్‌సర్జన్_పిల్ల:
బాబాయ్, మన మార్కెట్లో లిల్లీ అనేది తెల్లగా సన్నగా దండలకి వాడే నేలసంపెంగ, అది వేరే జాతి, కిడ్నీలు పోగొట్టేది అది కాదు. సుధ గారు చెప్పింది బొకేల్లో పెట్టే పెద్ద రేకుల లిల్లీ, మధ్యలో గోధుమరంగు పుప్పొడి రాలుతుంటుంది. పెళ్ళిళ్ళ సీజన్లో అవీ మీ కొట్టుకి వస్తాయి కదా, అవి వచ్చిన రోజు పిల్లిని లోపలికి రానివ్వకండి.

సుధ గారూ, మీతో ఒప్పుకుంటా, నున్నగా గుండ్రంగా ఉన్న చిన్నది అయితే చూడొచ్చు. అయితే చూడాలా వద్దా అన్నది ఫోన్లో డాక్టర్ చెప్పాలి, మనం కాదు. దారం, సూది, బ్యాటరీ, అయస్కాంతాలు, మందు బిళ్ళలు అయితే ఆ ఛాన్సే లేదు. చూస్తున్నప్పుడు కూడా పిల్లి తిండి మానేసినా, రెండు మూడు సార్లు కక్కినా ఇంక ఆగొద్దు.

చిట్టి_వాళ్ళమ్మ:
ఆగి చూడటం నా వల్ల కాదు సుధ గారూ, ఆ నాలుక కింద చూసిన తర్వాత. అది మీ ధైర్యం.

లంకల_రాజు:
నేను ఇప్పటికీ ఒక మాట అంటా. డాక్టర్ దగ్గరికి పో అనడం సగం జవాబే, డాక్టర్ దగ్గర్లో ఉండటం మిగతా సగం, అది మా చేతుల్లో లేదు. అయినా ఈ రాత్రి ఇంట్లో ఉన్న మందు చూశా. పేస్టే. తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టా, పొద్దున బోను కొనుక్కొస్తా. అమ్మాయ్, దూరం నుంచి ఫోన్లో చూసే డాక్టర్లు ఉంటే నంబర్ మెసేజ్ పెట్టమ్మా, మా వీధిలో నలుగురికి ఇస్తాను.

చిట్టి_వాళ్ళమ్మ:
ఇదంతా మా మరిదికి చదివి వినిపించా. కుచ్చిళ్ళ సంగతి దగ్గర ఆపి, మళ్ళీ చదువు వదినా అన్నాడు. అత్తయ్య గారు దారం ఉండలు, సూదులు అన్నీ పాత బిస్కెట్ డబ్బాలో వేసి మూత బిగించి దేవుడి గూడు పైన పెట్టారు, పూలు కట్టేటప్పుడు ఇప్పుడు గది తలుపు వేసుకుంటున్నారు. చిట్టి బయట కూర్చుని తలుపు గీకుతోంది. ఎల్లుండి కుట్లు విప్పాలి.