‘ఎలిఫ్ ఎలిఫ్ దియే’: ఒక పాదం, ఒక పేరు

ప్రశ్నకర్త: మా అబ్బాయి, తుర్కీ దేశంలోని ఇజ్మీరుకు చెందిన మా కోడలు ఇంగ్లండులో ఉంటున్నారు. వచ్చే నెలలో వారికి ఆడపిల్ల పుట్టబోతోంది. పేరు తుర్కీదే కావాలనీ, రేపు బడిలో ఆంగ్లేయులు దానిని ఖూనీ చేయకూడదనీ కోడలి పట్టు. ఎజె, డెనిజ్, డెఫ్నె, ఎలిఫ్ అనే నాలుగు పేర్లు వడపోతలో మిగిలాయి. మొన్న మా వియ్యపురాలు ఫోనులో ఒక పాదం చదివారు. సన్నని మంచు ఎలిఫ్ పేరు పలుకుతూ కురుస్తుందని దాని భావమట. చివర ‘దియే’ అని వచ్చిందన్నది తప్ప నాకేమీ గుర్తులేదు. పాదం తెలిసినవారు చెప్పగలరా? ఆ పేరు ఇంగ్లీషులో నిలుస్తుందా?

తలకట్టు: అది 17వ శతాబ్దపు జానపద కవి కరజఓలాన్ పాదం. ‘ఇంజెజిక్‌తెన్ బిర్ కార్ యాఅర్, తోజర్ ఎలిఫ్ ఎలిఫ్ దియే.’ సన్నగా మంచు కురుస్తోంది, ఎలిఫ్ ఎలిఫ్ అంటూ పొడిపొడిగా రేగుతోంది అని అర్థం. ఇక పేర్ల సంగతికి వస్తే, తుర్కీలో ‘సి’ అక్షరానికి జకార ధ్వని కనుక ఎజెను (రాత Ece) చూసిన ఆంగ్లేయుడు ఈస్ అని చదివినా ఆశ్చర్యం లేదు. డెనిజ్ అంటే సముద్రం. అది డెనీస్‌గా మారిపోతుంది, పైగా మగపిల్లలకూ పెట్టే పేరు. డెఫ్నెకు డాఫ్నీ అనే గ్రీకు రూపం వారి దగ్గర ఇప్పటికే ఉంది కనుక అటువైపు లాగేస్తారు.

అరసున్న: తలకట్టుగారి ‘అంటూ’ను నేను అంగీకరించలేను. ‘దెమెక్’ అంటే అనడం, దానినుంచి వచ్చినదే ‘దియే’. మన ‘అను’ నుంచి ‘అని’ వచ్చినట్టే. ‘ఎలిఫ్ దియే బిరి’ అంటే ‘ఎలిఫ్ అని ఒకరు’ అని అక్షరాలా సరిపోతుంది. ‘ఇందుఁ గలఁ డందు లేఁ డని సందేహము వలదు’ అన్న పోతనగారి ‘అని’ని ‘అంటూ’గా మార్చి చూడండి, పద్యం ఏమవుతుందో! ‘అంటూ’ అంటే మంచు నోరు విప్పి పలికినట్టు ఉంటుంది. ‘అని’ దగ్గర పలికింది మంచో, వింటున్న ప్రేమికుడి మనసో తేలదు, ఆ తేలకపోవడంలోనే రసం ఉంది.

తలకట్టు: పోతనగారి పద్యంలో ‘అని’ సందేహాన్ని చెబుతోంది, ఇక్కడ ‘దియే’ ఒక చర్యకు తోడుగా నడుస్తోంది. రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆ తరువాతి పాదంలో పిచ్చి మనసు బిచ్చగాడిలా ‘ఎలిఫ్ ఎలిఫ్ దియే’ తిరుగుతుంది. తిరిగేవాడు పేరు పలవరిస్తూనే తిరుగుతాడు కదా.

బండి ఱ: మీరిద్దరూ ‘యాఅర్’ను దాటిపోయారు. ఆ మాట తుర్కీ రాతలో మెత్తని ‘గె’ (ğ) అనే అక్షరం ఉంది, అది పలకదు, ముందున్న అచ్చును సాగదీస్తుంది. అయినా అక్కడ రెండు అక్షరాలు లెక్కించకపోతే ఎనిమిదక్షరాల పాదం ఏడుకు పడిపోతుంది. కోడలిగారికి నా మనవి ఏమిటంటే యామూర్, చీడెమ్ వంటి ఆ అక్షరమున్న పేర్ల జోలికి వెళ్ళవద్దు, ఆంగ్లేయులు గకారాన్ని గట్టిగా పలికి తీరుతారు. ఎలిఫ్ అంటే అరబ్బీ లిపిలో నిటారుగా నిలిచే తొలి అక్షరం, సన్నని, నిటారైన మేనికి ఉపమానం. 1928లో లాటిన్ లిపి వచ్చాక అక్షరం పోయి పేరు మిగిలింది. మన ‘ఎలనాగ’లోని ‘ఎల’తో దానికి చుట్టరికం ఉందేమో అని నా అనుమానం.

అరసున్న: ఆ చుట్టరికం వదిలేయండి, అది అరబ్బీ అక్షరమని మీరే చెప్పారు. ఎలిఫ్‌ను తుర్కులు రెండో అక్షరం మీద ఊనుతారు, ఆంగ్లేయులు మొదటిదాని మీద ఊనుతారు. పేరు చెడదు, బరువు మాత్రం పక్కకు జరుగుతుంది. అజంతభాషవాళ్ళం మనం ఎలిఫు అంటాం, అంతకన్నా ఆంగ్లేయులే నయం.

ప్రశ్నకర్త: పుట్టిన 42 రోజుల్లో అక్కడ పేరు నమోదు చేయించాలి. మా ఆవిడ అప్పుడే ‘ఎలిపమ్మ’ అని పిలవడం మొదలుపెట్టింది. వియ్యపురాలిని ‘దియే’ గురించి అడిగితే, అందులో చర్చించడానికి ఏముందని ఆవిడ నవ్వారు.

తలకట్టు: ఆవిడ ఆ పాదంలో ‘తోజర్’ అనే చదివారా, మరేదైనా పాఠమా? దయచేసి మళ్ళీ అడిగి చూడండి.