ఫ్యాను చుట్టూ చెమ్మ, స్లాబు కారుతున్నట్టేనా?

ప్రశ్న:
నమస్తే అండి. మాది కాకినాడలో 18 ఏళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. పైన ఇంకో అంతస్తు లేదు. పడగ్గదిలో ఫ్యాను కొక్కెం పక్కన సీలింగ్ మీద టీ ఒలికినట్టు మరక వచ్చింది. మొదట్లో సాసరంత ఉండేది, ఇప్పుడు చాటంత అయింది. పుట్టీ ఉబ్బిపోయి వేలు పెడితే పొడిపొడిగా మంచం మీద రాలుతోంది. నిరుడు వానలకు ముందు డాబా అంతా వాటర్‌ప్రూఫ్ రంగు రెండు కోట్లు వేయించాం, 22 వేలు అయింది. ఏం లాభం లేదు. ఇప్పుడు ఒక మేస్త్రీగారు పైన పాత పని అంతా చెక్కేసి మళ్లీ చేయాలి, 60 వేలు అవుతుందంటున్నారు. చేయించేయమంటారా?

జవాబు:
మాకూ ఇలాగే ఉండేదండి. తారు షీట్ పరిపించాం, అంతే, మళ్లీ చుక్క పడలేదు. ఆలస్యం చేయకండి.

జవాబు:
అమ్మా, అప్పుడే డబ్బు తీయకండి. ఇళ్ల పనులు చేయించడంలో పాతికేళ్లు గడిపాను, సగం ఇళ్లలో నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండానే మందు పూసేస్తారు. ముందు ఒక పని చేయండి. ఆ గది ఫ్యాను, లైట్ల ఎంసీబీ (కరెంటు బోర్డులో సరఫరా ఆపే మీట) దించేయండి. కొక్కెం దగ్గర స్లాబులో ఉండే ఫ్యాను వైర్ల డబ్బాలోకి నీరు దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది, ఇది మరక కంటే పెద్ద సంగతి.

తర్వాత ఇవి చెప్పండి. వానల్లేని రోజుల్లో కూడా తడి అవుతోందా? డాబా మీద ఏమేం ఉన్నాయి? అదే గదిలో ఏసీ ఉందా?

అడిగినవారు:
మొన్న మే నెలలో కూడా తడిగా ఉంది సార్, అదే నాకు అర్థం కావట్లేదు. మెట్ల గది మీద నీళ్ల ట్యాంకు ఉంది. మరకకు సరిగ్గా పైన మాత్రం ఏమీ లేదు, మెట్ల గది అక్కడికి పది అడుగులు ఉంటుంది. ఏసీ ఉంది కానీ ఎదురు గోడకి.

జవాబు:
ఎండాకాలంలో తడి అయిందంటే వాన ఒక్కటే కారణం కాదు. ఇక మిగిలినవి రెండు: గదిలో గాలి తేమ, లేదా మీ ఇంటి నీళ్లే.

మొదటిది తేల్చడం తేలిక. ఆ చోటు బాగా ఆరిన రోజు చూసి, జానెడున్నర పలచటి ప్లాస్టిక్ కవరు నాలుగు అంచులా టేపు వేసి సీలింగ్‌కి అంటించండి. ఒక రోజు ఉంచి చూడండి. చెమట మనవైపు పడితే గది గాలిలోని తేమ, ఏసీ చల్లదనానికి నీరైనట్టు. కవరు వెనక, అంటే స్లాబు వైపు పడితే నీరు పైనుంచే వస్తోంది.

పెన్సిల్‌తో మరక అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేయండి. పెరిగినప్పుడల్లా మళ్లీ గీత. పక్కనే ఒక కాగితం మీద వాన పడిందా, మోటారు ఎప్పుడు వేశారు, ట్యాంకు పొర్లిందా, ఈ మూడే రాయండి. పది రోజుల్లో అదే చెబుతుంది. చాలామంది ఈ పని చిన్నతనంగా అనుకుంటారు, నాకు మాత్రం ఇంతకు మించిన పరికరం లేదు.

మరకకు పైన ఏమీ లేదని వదిలేయకండి. స్లాబు పోసేటప్పుడు కరెంటు వైర్ల గొట్టాలు లోపలే పెడతారు. ఏదో మూల నీరు దూరితే ఆ గొట్టంలోంచి కాలవలా నడిచి, ఎక్కడ డబ్బా ఉంటే అక్కడ, అంటే ఫ్యాను దగ్గరే దిగుతుంది. దూరేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట.

ఇంకా తేలకపోతే అప్పుడు డాబా మీద ఇసుక సిమెంటు కట్ట కట్టి అంగుళం నీళ్లు ఒక రోజు నిలబెట్టి చూడొచ్చు. కానీ పది అడుగులకు పది అడుగుల జాగాలో అంగుళం నీళ్లంటే దాదాపు 236 కిలోలు. ఊచలు బయటపడిన పాత స్లాబు మీద ఆ సాహసం వద్దు.

అడిగినవారు:
సార్, దొరికింది! కవరు వెనకే చెమట పట్టింది. కాగితం చూస్తే వానతో సంబంధం లేదు, ట్యాంకు పొర్లిన రోజుల్లోనే, సాయంత్రానికి గీత దాటి పెరిగింది. మా వారు పైకెళ్లి చూస్తే ట్యాంకు పొర్లే గొట్టం చివర విరిగి, నీరు మెట్ల గది గోడ మీద జారుతోంది. సరిగ్గా ఆ ధారలోనే డాబా లైటు కోసం ఎప్పుడో పెట్టిన వైరు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. లైటు పీకేసి టేపు చుట్టి వదిలేశారు, ఆ టేపూ ఊడిపోయింది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి ఫ్యాను డబ్బా విప్పితే వైరు మీద చుక్కలు ఉన్నాయి. రంగు వేసినవాళ్లు నేల మీద మాత్రమే వేశారు కదండీ!

జవాబు:
ఆ గొట్టంలో పాత వైరు తీయించి, నోరు మూసేయించండి. ట్యాంకుకి ఫ్లోట్ స్విచ్ (నిండగానే మోటారు ఆపేది) పెట్టించండి, పొర్లే గొట్టాన్ని పొడిగించి వాన నీటి గొట్టంలోకి కలపండి. తడిసిన వైర్లు పరీక్షించాకే ఎంసీబీ ఎత్తండి.

పుట్టీకి మాత్రం తొందరపడకండి. ఉబ్బిందంతా గీకేసి, స్లాబు పూర్తిగా ఆరేదాకా అలాగే వదిలేయండి, వారాలు పట్టినా సరే. సుత్తి పిడితో మెల్లగా తట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ ముక్క రాల్చేయించాలి. తుప్పు రంగు మరకలు కనిపించాయా, అప్పుడు పుట్టీతో పని కాదు, ఇంజనీరుకి చూపించాలి.

ఇంకొకరు:
మాది అపార్టుమెంటు అండి. మరక బాత్రూమ్ సీలింగ్‌లోనే, పైవాళ్లు మాది కాదంటున్నారు. మాకెలా?

జవాబు:
పైవాళ్లని గొడవపడకుండా ఒక పూట సాయం అడగండి. వాళ్ల బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే నహానీ ట్రాపు బిగుతుగా మూసి, నేల మీద కొంచెం రంగు కలిపిన నీళ్లు రెండు అంగుళాల లోతు పోసి ఒక రోజు ఉంచాలి. రంగు కిందకి దిగితే నేల అతుకుల లోపం. దిగకపోతే మూత తీసి అదే నీరు ట్రాపులోకి వదలండి, అప్పుడు దిగితే గొట్టం అతుకు. రెండూ కాకపోతే కుళాయిలన్నీ ఆపి వాళ్ల వాల్వు కట్టేసి చూడండి, తడి తగ్గితే గోడలోని నీళ్ల పైపు.